ఎవరూ కాపురం ఉండని బంగ్లాకి, అమ్మమ్మతో

అండమాన్‌కి వచ్చే మా చుట్టాలు ఒక జైలు, రెండు బీచిలు, మూడు కొబ్బరిబోండాలు చూసుకుని విమానం ఎక్కేస్తారు. "ఇంకా చూడాల్సింది ఏమైనా ఉందా బాబూ?" అని మర్యాదకి అడుగుతారు. డిగ్లీపూర్ ఉందంటాను. ఎంత దూరం అంటారు. బస్సులో పొద్దంతా అంటాను. నాలుగో కొబ్బరిబోండం చెప్పమంటారు.

కాబట్టి వెళ్ళనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, మేం చూడ్డానికి వెళ్ళింది ఒక బంగ్లాని. ఆ బంగ్లా ఇప్పుడు లేదు. నేను పుట్టకముందే కూల్చేశారు. లేనిదాన్ని చూడ్డానికి అంత దూరం పోవడం ఏమిటని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. అమ్మమ్మ నన్ను ఎగాదిగా చూసి, "నీకు బుర్ర లేదని తెలిసీ ఇన్నాళ్లూ సాకలేదేట్రా?" అంది. బయల్దేరాం.

షాదీపూర్: మోకాళ్ల గడువు

మా అమ్మమ్మ పేరు నూకాలమ్మ. డెబ్బై నాలుగేళ్లు. నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఏసీలు బాగుచేస్తాను. ఇక్కడ పుట్టిన మా ఈడువాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది, రాసేవాళ్లు తక్కువ. నేను రాస్తాను. మా అమ్మ నన్ను తెలుగు మీడియంలో వేసింది. భాషాభిమానం అనుకునేరు, బడి మా ఇంటి పక్కనే ఉంది.

అమ్మమ్మ వాళ్లది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. వాళ్ల నాన్న వలలతో సహా డిగ్లీపూర్ దాటి బంగ్లా టిక్రీ అనే చోట దిగిపోయాడు. టిక్రీ అంటే గుట్ట. గుట్ట మీద ఒక సేటు కట్టించిన బంగ్లా, చుట్టూ కొబ్బరి తోటల ఎస్టేటు, కింద రేవులో మనవాళ్ల నలభై గుడిసెలు. పదహారేళ్లప్పుడు అమ్మమ్మ ఆ బంగ్లాలో ఊడ్చే పనికి కుదిరింది. పద్దెనిమిదేళ్లు ఊడ్చింది. ఇంటి తాళాలన్నీ ఆమె నడుముకే ఉండేవి.

తర్వాత సేటు పోయాడు, లీజు అయిపోయింది, నేల సర్కారుకి వెళ్ళింది. బంగ్లా కలపని వేలంలో ఒక కాంట్రాక్టరు కొన్నాడు. విప్పించడం మొదలుపెట్టి, రెండు రోజులు పోయాక వచ్చి చూసుకుంటే సింహద్వారం తలుపు లేదు. ఎర్ర పడౌక్ కలప, ఒంటి రెక్క తలుపు, నిండా తామరపూలు చెక్కినది. "తాళాలు ఎవరి దగ్గరున్నాయి?" అన్నాడు. అంతే. రేవులో పెద్దలు కూర్చున్నారు. గంగమ్మ ముందు అరచేతిలో కర్పూరం వెలిగించి ప్రమాణం చెయ్యమన్నారు. అమ్మమ్మ చెయ్యనంది. "ఎత్తని తలుపుకి సెయ్యెందుకు కాల్చుకోవాల?" అంది. న్యాయమైన మాటే. కానీ పెద్దల ముందు న్యాయమైన మాట అనకూడదట.

శిక్ష ఏమీ వెయ్యలేదు. గంగమ్మ పండగలో మొదటి ఘటం ఎత్తే హక్కు అమ్మమ్మ పుట్టింటి ఆడపడుచులది. దాన్ని ఆమె తమ్ముడి భార్య ఎర్రమ్మకి మార్చారు. ఘటం అంటే పసుపు రాసి వేపాకు కట్టిన మట్టికుండ. కుండే కదా అని మీకు అనిపించొచ్చు. చిన్నప్పుడు నేనూ అన్నాను, ఆ పూట నాకు అన్నం పెట్టలేదు. ఆ ఏడే తాతని, పిల్లల్ని తీసుకుని ఆమె పోర్ట్ బ్లెయిర్‌లోని ఈ షాదీపూర్ వచ్చేసింది. నలభై ఏళ్లు మళ్ళీ ఆ రేవు గడప తొక్కలేదు. రేవు నుంచి ప్రతి పండక్కీ ఫోన్ వస్తుంది, ప్రతిసారీ ఈమెకి ఆ రోజే ఒంట్లో బాగోదు.

ఈసారి డాక్టరు రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అన్నాడు. తర్వాత తలమీద బరువు మొయ్యకూడదన్నాడు. గంగమ్మ పండగ దగ్గర్లోనే ఉంది, ఇంటికి రాగానే సంచీ సర్దింది.

"మోకాళ్లు ఉండగానే ఎల్లాల. కర్పూరం ఎలిగిస్తాను. ఒక్కసారి ఘటం ఎత్తుతాను. సాలు."

"చెయ్యి కాలితే?"

"ఘటం ఎత్తేది తలతో. సేత్తో కాదు కదేటి."

కాలిన చోట రాసే బర్నాల్ ట్యూబు ఒకటి తీసి సంచీలో వేశాను.

జిర్కాటాంగ్ నుంచి రంగత్: వాంతి నాది, పరువు ఆమెది

చీకటితో బయల్దేరిన బస్సు జిర్కాటాంగ్ గేటు దగ్గర ఆగుతుంది. అక్కడ్నించి బళ్లన్నీ వరసకట్టి, పోలీసు జీపు వెనక, జరావా ఆదివాసులు ఉండే అడవి దాటాలి. ఆగకూడదు, ఫోటోలు తియ్యకూడదు. బస్సులో ఒక టూరిస్టు కిటికీకి అతుక్కుని ఎవరైనా కనిపిస్తారా అని చూస్తున్నాడు. అమ్మమ్మ వెనక నుంచి అతని భుజం తట్టింది.

"భయ్యా, తుమారా ఘర్ కే అందర్ సే బస్ జాయేగా తో తుమ్ క్యా కరేగా?"

మీ ఇంట్లోంచి బస్సు పోతే ఏం చేస్తావు అని. అతను కాసేపు ఆలోచించి కిటికీ కర్టెన్ వేసేశాడు. పద్దెనిమిదేళ్లు ఒకరి ఇంటికి కాపలా ఉన్న మనిషి ఇంకొకరి ఇంటికి కూడా కాపలా ఉండగలదని అర్థమైంది.

ఆ తర్వాత మలుపులు. అండమాన్ ట్రంక్ రోడ్డు వేసినవాళ్లకి తిన్నగా పోవడం ఇష్టం ఉండదు. మూడో గంటకి నాకు కడుపు తిరిగింది. అమ్మమ్మ సంచీలోంచి నిమ్మకాయ ఊరగాయ తీసి నాకు నాకించింది. నేను కవర్లోకి చెయ్యాల్సింది చేశాను. బస్సులో అందరూ డెబ్బై నాలుగేళ్ల ఆమె వైపు జాలిగా చూస్తున్నారు, ఆమే చేసుకుంది అనుకుని. ఆమె నా వైపు వేలు చూపించి, "యే హై, యే," అని బస్సంతటికీ సంజాయిషీ ఇచ్చింది.

రంగత్‌లో భోజనం. నూట యాభై రూపాయలకి అన్నం, పప్పు, ఆవ పెట్టిన చేపల పులుసు. హోటల్ దీదీ బెంగాలీ. చేప తలకాయ నాకు వేసింది, అల్లుడికి వేసినట్టు. అమ్మమ్మ పులుసు వేలితో చూసి, చింతపండు లేకుండా చేపని ఉడకబెట్టడం చేపకి అవమానం అంది. అని, మళ్ళీ పెట్టించుకుంది.

డిగ్లీపూర్: ఒక బంగ్లా, మూడు చరిత్రలు

డిగ్లీపూర్ చేరేసరికి సాయంత్రమైంది. చుట్టూ వరిచేలు, అరటి, వెనక కొండ. సముద్రం మధ్య ద్వీపంలో ఉన్నామని గుర్తు చెయ్యడానికి బజార్లో ఎండుచేపల వాసన తప్ప ఏమీ లేదు. మర్నాడు పొద్దున్న లాడ్జి ఎదురుగా టీ కొట్లో కూర్చున్నాం. పది రూపాయల టీ, పది రూపాయల శింగారా, అంటే మన సమోసాయే, లోపల పల్లీలు ఎక్కువ. బంగ్లా టిక్రీకి జీపు ఎప్పుడని అడిగితే, కొట్టు నడిపే బెంగాలీ దాదా జీపు సంగతి వదిలేసి బంగ్లా సంగతి ఎత్తుకున్నాడు.

దాదా చరిత్ర ప్రకారం, బర్మాలో కలప వ్యాపారం చేసిన సేటు ఒకడు అన్నీ పోగొట్టుకుని ఇక్కడికొచ్చి, కొబ్బరితో మళ్ళీ సంపాదించి, రంగూన్‌లో పోయిన ఇంటి లాంటిదే ఇక్కడ కట్టించాడు. రెండంతస్తులు, చుట్టూ వరండా, ఇరవై నాలుగు తలుపులు. ఒక్క ఇనప మేకు లేదు. ఎస్టేటులో కొబ్బరిచెట్లు సిపాయిల్లా వరసల్లో ఉండేవి, కురిడీ ఎండబెట్టే షెడ్డు నుంచి ఒడ్డుదాకా ట్రాలీ పట్టాలు ఉండేవి.

పక్క బల్ల మీద టీ తాగుతున్న రాంచీ ముసలాయన నవ్వాడు. ఇక్కడ అడవి పనికి ఛోటానాగ్‌పూర్ నుంచి వచ్చినవాళ్లందర్నీ రాంచీవాళ్లనే అంటారు.

"దుంగలు ఏనుగులు లాగాయంటారు కదా," అన్నాను తెలిసినట్టు.

"హాథీ?" అన్నాడాయన. "లాగింది మా బాబు. ఏనుగు చూస్తూ నిలబడింది."

అమ్మమ్మ అప్పటిదాకా శింగారాలో పల్లీలు ఏరుకుంటోంది. అప్పుడు నోరు విప్పింది. సేటు కట్టించింది భార్య కోసమట. ఆవిడ కలకత్తాలో ఉండేది. ఇల్లు పూర్తయ్యాక ఒక్కసారి వచ్చింది. స్టీమరు దిగి, ట్రాలీ ఎక్కి, గుట్ట మెట్లు ఎక్కి, వరండాలో కూర్చుని చెప్పులు విప్పింది. కాలివేళ్ల సందున జలగ. కెవ్వుమని ఒక్క కేక. అదే స్టీమర్లో వెనక్కి.

"మళ్ళీ రాలేదా?"

"నెలనెలా ఉత్తరం వచ్చేది. అమ్మగారు వచ్చే షిప్పులో రావచ్చు, ఇల్లు సిద్ధంగా ఉంచండని. రోజూ పొద్దున్న ఇరవై నాలుగు తలుపులూ తీసేదాన్ని. ఊడ్చేదాన్ని. సాయంత్రం ఏసేదాన్ని."

"పద్దెనిమిదేళ్లూ?"

"ఆదివారం ఒక పూటే."

సేటు కూడా ఏడాదికి పదిరోజులొచ్చి ఆఫీసు గదిలో చాప మీద పడుకునేవాడట. మేడ మీద పడుకోవాలంటే సిగ్గేమో. అన్ని తలుపుల ఇల్లు ఒక జలగ చేతిలో ఓడిపోయిందని దాదా, రాంచీ ఆయన, నేను ఒకేసారి జీర్ణించుకున్నాం. దాదా టీకి డబ్బులొద్దన్నాడు. శింగారాకి తీసుకున్నాడు.

బంగ్లా టిక్రీ: పంచిపెట్టిన ఇల్లు

జీపు దిగగానే అమ్మమ్మ గుట్ట వైపు నడిచింది. అరిగిన మోకాళ్లు నావి అన్నట్టు నేనే ఆయాసపడ్డాను. పైన ఉన్నదల్లా రాతి అరుగు, దానికి ఏడు మెట్లు. అరుగు మీద గడ్డి, మధ్యలో పోకచెట్లు. ఆమె చేత్తో గదులు చూపిస్తోంది.

"ఇది సావడి. ఇది ఆపీసు. అది అమ్మగారి గది."

"అందులో ఆవు ఉంది అమ్మమ్మా."

"ఉండనీ. ఆ గదిలో ఎవరో ఒకరు పడుకోవడం ఇదే మొదలు."

తర్వాత కిందకి దిగి రేవులోకి వెళ్ళాం. అప్పుడు తెలిసింది, బంగ్లా ఎక్కడికీ పోలేదు. కాంట్రాక్టరు మంచి కలప షిప్పులో పంపించుకుని, మిగతాది మొయ్యడం దండగని వదిలేశాడు. మనవాళ్లు పంచుకున్నారు. కిరాణా కొట్టు కౌంటరు ఒకప్పుడు మేడమెట్ల కటకటా. మేకల దొడ్డికి కంచెగా వరండా గ్రాదులు. సోలార్ ప్యానెల్ పెట్టిన ఒక కాంక్రీటు ఇంటికి రంగుటద్దాల కిటికీ ఒకటి, చుట్టూ గోడ ఇరుకైపోయి ఊపిరాడనట్టు. అమ్మమ్మ ఒక్కోదాన్నీ గుర్తుపడుతోంది, పెళ్ళిలో చుట్టాల్ని పలకరించినట్టు. "నువ్వు మేడ మీద తూర్పు కిటికీవి కదే. సిక్కిపోయావు." ఆ ఇంటి ఆవిడ, తనని అన్నదనుకుని, "అవునక్కా, షుగరు," అంది.

ఎర్రమ్మ ఇంటి ముందు మాత్రం అమ్మమ్మ ఆగిపోయింది. ఆ ఇంటికి బంగ్లా ముక్క ఒక్కటీ లేదు. టిన్ను తలుపు. ఎర్రమ్మ బయటికొచ్చింది. లావుగా, పండగ ముందురోజు కాబట్టి అప్పుడే పట్టుచీరలో.

"వొచ్చావా వదినా," అంది.

"వొచ్చాను."

నలభై ఏళ్ల తర్వాత కలిసినప్పుడు మనుషులు ఏమంటారో అని నేను ఫోన్లో వీడియో ఆన్ చేసి పెట్టుకున్నాను. మొత్తం ఆరు సెకన్లు వచ్చింది.

రేవుకి పెద్ద పోలయ్య. ఎనభై దగ్గర పడ్డాడు, చెవుడు, గొంతు మాత్రం ఇంజను బోటు. అమ్మమ్మ నేరుగా చెప్పేసింది. సాయంత్రం గంగమ్మ ముందు కర్పూరం వెలిగిస్తాను, పొద్దున్న మొదటి ఘటం నాకివ్వండి.

"అప్పుడే సేసి ఉంటే అయిపోను కదే నూకాలూ!" అని అరిచాడు.

"అప్పుడు నాకు పొగరు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మోకాళ్ల నొప్పి."

సరే అన్నాడు. అరచెయ్యి కాలి బొబ్బ లేస్తే దొంగ, లేవకపోతే దొర. మా వృత్తిలో గ్యాస్ వెల్డింగ్ ఉంటుంది, కాబట్టి ఈ పరీక్షలో ఎవరు పాసవుతారో నాకు బాగా తెలుసు. ఎవరూ కారు. బర్నాల్ ట్యూబు ఎక్స్‌పైరీ తేదీ చూశాను. అదీ అయిపోయింది.

రేవు: పెద్దలందరూ వెల్లకిలా

మధ్యాహ్నం పడవలొచ్చాయి. సూరలు, వంజరాలు, ఒక బుట్ట పీతలు. పోర్ట్ బ్లెయిర్ మార్కెట్లో బేరం ఆడితే గాని ఇవ్వని సూర చేపని ఇక్కడ బలవంతంగా చేతిలో పెడుతున్నారు. రేవులో నాలుగు బండరాళ్ల మీద పరిచిన పెద్ద బల్ల ఉంది, మోకాలెత్తున. ఊరందరూ చేపలు దాని మీదే కోస్తారు. నెత్తురుతో, పొలుసులతో నల్లగా రాయిలా అయిపోయింది. ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు, అమ్మమ్మ కూడా కత్తిపీట తీసుకుని దిగిపోయింది.

నేను వీడియో తీస్తూ వెనక్కి నడిచాను. వలతాడు కాలికి తగిలింది. నేను పడలేదు, ఫోన్ పడింది, తిన్నగా బల్ల కిందకి. ఇంకా నాలుగు వాయిదాలున్నాయి దాని మీద. ఆ బురదలో వెల్లకిలా పడుకుని లోపలికి పాకాను. ఫోన్ దొరికింది. అద్దం పగిలిందేమో చూద్దామని టార్చి వేశాను. వెలుతురు పైకి పడింది.

"అమ్మమ్మా," అన్నాను కిందనుంచి, "ఈ బల్లకి అడుగున పువ్వులున్నాయి."

కత్తిపీటల చప్పుడు ఆగిపోయింది.

"ఏ పువ్వులు?"

"తామరపూలు. వరసలు వరసలు."

అమ్మమ్మ గొంతు, చాలా నెమ్మదిగా: "పై నుంచి రెండో వరస. మూడో పువ్వు. కుడిచేతి రెక్క సూడు. ఇరిగి ఉందా?"

ఏది పైనో నాకు తెలియలేదు. ఒక వైపు నుంచి లెక్కపెట్టాను, కాదు. రెండో వైపు నుంచి లెక్కపెట్టాను. "విరిగింది. మళ్ళీ అంటించారు."

"దేంతో?"

గోటితో గీకాను. "ఏదో ఎర్రగా ఉంది. మైనంలా ఉంది."

"లక్క," అంది అమ్మమ్మ. "సేటు ఉత్తరాలకి సీలు ఏసే లక్క. పీచుతో రుద్దతంటే రెక్క ఇరిగిపోయింది. గుమాస్తా బల్ల మీంచి లక్క ఎత్తుకొచ్చి అంటించేశాను. ఈ రోజుదాకా ఎవరికీ సెప్పలేదు." మళ్ళీ తనే, "ఆ బంగ్లాలో నేను దొంగిలించింది ఆ లక్క ఒక్కటే," అంది.

నేను బయటికి పాకి వచ్చేసరికి పోలయ్య వచ్చాడు. ఎవరో ఆయన చెవిలో అరిచి చెప్పారు. ఆయన మొహం చూస్తూ చూస్తూ మారిపోయింది. ఈ బల్లని నీళ్లలోంచి లాగింది ఆయనే. బంగ్లా విప్పుతున్న వారంలో సముద్రం పోటెక్కి, షిప్పు కోసం ఒడ్డున పేర్చిన కలపని చెల్లాచెదురు చేసింది. మర్నాడు పొద్దున్న రేవులో ఒక పెద్ద చెక్క బురదలో కూరుకుని ఉంది, నున్నటి వైపు పైకి, అది తలుపని ఎవరికీ తట్టలేదు. సముద్రం ఇచ్చింది గంగమ్మది, ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదు, రేవుకే ఉండాలి. నలుగురూ కలిసి ఉన్నది ఉన్నట్టే ఎత్తి రాళ్ల మీద పెట్టారు. అప్పుడే దానికి పసుపు కూడా రాశారట.

"నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా తిరగేసి చూళ్లేదా తాతా?" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లందరూ నన్ను చూసిన చూపు మీరు చూడాల్సింది. రేవులో దేన్నీ బోర్లా తిప్పకూడదు. బుట్ట కూడా. తిప్పితే పడవ తిరగబడుతుంది. పసిపిల్లలకి కూడా తెలిసిన మాట. కాంట్రాక్టరు తలుపు కోసం ఊరంతా వెతికించాడు, గుడిసెల్లో చూశాడు, నూతిలో చూశాడు. వెతికి వెతికి అలిసిపోయి, ఈ బల్ల మీదే కూర్చుని చేపలు కొనుక్కుని వెళ్ళాడట.

"ఇప్పుడు తిప్పి చూపించండి," అంది ఎర్రమ్మ. జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "నా కళ్లతో సూడాల."

"పండగ ముందురోజు తిప్పుతావేటి? ఇంకా ఏడు పడవలు నీళ్ల మీదున్నాయి!" అని పోలయ్య అరిచాడు.

పీటముడి పడింది. చూడకుండా నమ్మరు, తిప్పకుండా చూడలేరు. అమ్మమ్మ చేతులు కడుక్కుని చెప్పింది.

"బల్ల తిరగబడకూడదు. అంతే కదా? మనుసులు తిరగబడండి."

ఆ పూట నేను చూసిన ఊరేగింపు లాంటిది అండమాన్‌లో ఏ టూరు ప్యాకేజీలోనూ ఉండదు. మొదట పోలయ్య. తలపాగా తీసి పక్కన పెట్టి, చేపనెత్తుట్లో వెల్లకిలా పడుకుని, లోపలికి జరిగాడు. నేను పక్కన పడుకుని టార్చి పట్టుకున్నాను. "ఏదీ? ఏదీ?" అని నా చెవిలో అరుస్తున్నాడు. చూశాడు. బయటికి రావడానికి కాళ్లు పట్టి లాగాల్సి వచ్చింది. తర్వాత ఒక్కొక్క పెద్దా. ఒకాయన పొట్ట పట్టలేదు, బల్లకింద ఇరుక్కుని, "కనబడింది, ఒప్పుకున్నాను, లాగండి," అని మొత్తుకున్నాడు. ఒకరు తామరలు మొత్తం లెక్కపెట్టడం మొదలెడితే వెనక లైన్లోవాళ్లు తిట్టారు.

చివర ఎర్రమ్మ. పట్టుచీరతో. ఎవరో గోనె పరవబోతే వద్దంది. పడుకుంది. నేను ఆ ఎర్ర లక్క మీద వెలుతురు పట్టాను. చూపుడువేలు పెట్టి తడిమింది. చాలాసేపు కదల్లేదు. లేచాక, వీపంతా పొలుసులు మెరుస్తుండగా, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

పోలయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకుంటే అవతలున్న ఏరియల్ బే రేవు దాకా వినిపిస్తుంది.

"కర్పూరం అక్కర్లేదు. పొద్దున్న మొదటి ఘటం నూకాలుది."

అమ్మమ్మ తలాడించి, మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుని, సగంలో వదిలేసిన సూర చేపని పూర్తి చేసింది. ఆ తలుపు మీదే. ఇప్పటికీ దాని మీదే కోస్తున్నారు. మ్యూజియంకి ఇద్దామా అని నేనంటే, అక్కడ చేపలు ఎవరు కోస్తారని అడిగారు.

పండగ: మొదటి ఘటం

పొద్దున్నే డప్పులు మొదలయ్యాయి. రాంచీవాళ్లు ఒక డోలు కలిపారు, బెంగాలీ ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ ఉలూలు కలిపారు, స్పీకర్లో హిందీ పాట దానంతటదే కలిసింది. మా షాదీపూర్‌లో పండగ అంటే టెంటు, కుర్చీలు, ముఖ్య అతిథి. ఇక్కడ ముఖ్య అతిథి డెబ్బై నాలుగేళ్ల మనిషి, పసుపు చీర, తల మీద చుట్టకుదురు, దాని మీద ఘటం. ఎత్తింది పోలయ్య, సర్దింది ఆమే. నేను వెనకే నడుస్తున్నాను, పడితే పట్టుకుందామని. పదడుగులు పోయాక తెలిసింది, ఆమె పడేలా లేదు, నేనే డప్పుకి తప్పటడుగులు వేస్తున్నాను.

ఘటం ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి ఆడమనిషి గడపలో నిలబడి, పసుపునీళ్లతో ఘటం ఎత్తినామె కాళ్లు కడగాలి. అలా నాలుగిళ్లు అయ్యాయి. ఐదోది ఎర్రమ్మ ఇల్లు. టిన్ను తలుపుకి తాళం వేసి ఉంది. డప్పులవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. అమ్మమ్మ మొహంలో ఏమీ కదల్లేదు. తల మీద కుండ ఉంటే కదలదనుకోండి.

"పైకి రమ్మంది," అన్నాడు పోలయ్య, గుట్ట వైపు చెయ్యి చూపిస్తూ.

ఒకప్పుడు మొదటి ఘటం గుట్టెక్కి బంగ్లా ముందు ఆగేదట. బంగ్లా పోయాక అటు వెళ్ళడం మానేశారు. ఊరంతా గుట్టెక్కాం. ఏడు మెట్ల పైన, గడ్డి మొలిచిన అరుగు అంచున, సింహద్వారం ఉండే చోట ఎర్రమ్మ నిలబడి ఉంది. చేతిలో బిందె. అదే పట్టుచీర, ఉతికి ఆరీ ఆరకుండా కట్టినట్టుంది. ఆవుని ఎక్కడికో తోలేసింది.

అమ్మమ్మ ఒక్కో మెట్టూ ఎక్కింది. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోనివ్వలేదు.

"తాళాలు నీ దగ్గరున్నాయని పెద్దలకి సెప్పింది నేనే వదినా," అంది ఎర్రమ్మ.

"నా దగ్గరే ఉన్నాయి కదే. నువ్వు అబద్ధం ఆడలేదు."

"ఆ పైన ఒక మాట సెప్పాల్సింది. నువ్వలాంటిదానివి కావని. సెప్పలేదు." కిందకి చూసింది. "ఘటం నాకొస్తాదని తెలుసు."

డప్పులు ఆగిపోయాయి. అమ్మమ్మ ఆమెని చూస్తూ నిలబడింది. కుండలో నీళ్లు అంచుదాకా ఉన్నాయి, ఒక్క చుక్క తొణకలేదు.

"బేగి కడగవే," అంది చివరికి. "మెడ పడిపోతంది. ఎనక నువ్వూ ఒక ఘటం ఎత్తాల."

ఎర్రమ్మ కూర్చుని కడిగింది. పాదాలు, మడమలు, వేళ్ల సందులు. బిందె ఖాళీ అయ్యేదాకా కడిగింది. లేచి పక్కకి తప్పుకుంది. అమ్మమ్మ అక్కడ లేని గడపని కాలెత్తి, కుడిపాదం ముందు పెట్టి దాటింది. వెనక రెండో ఘటం ఆమె కాలెత్తి దాటింది. మూడో ఆమె దాటింది. పుట్టి బుద్ధెరిగి బంగ్లాని చూడని పిల్లలు కూడా, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి, కాలెత్తి దాటారు.

అందరికంటే చివర నేను. కింద గడ్డి తప్ప ఏమీ లేదు. అయినా కాలెత్తే దాటాను, తట్టుకుని పడితే ఆ ఊళ్ళో ఇంకో నలభై ఏళ్లు చెప్పుకుంటారని.